మెట్లు దిగివచ్చిన కోర్టు

సికింద్రాబాద్‌లో తెల్లవాళ్ళ కాలం నాటి కోర్టు భవనం ఒకటి ఉంది, అచ్చం గ్రీకు దేవాలయంలా ఉంటుంది, వెళ్ళి చూసి రాయండి అని మా మాసపత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. ఆయన దాన్ని చూడలేదు. ఎవరో పంపిన ఫొటో చూశాడు. ఫొటోలో స్తంభాలు బాగా పడ్డాయట. నేను తణుకులో డ్రాయింగ్ టీచర్ని, సెలవు దొరికినప్పుడల్లా ఊళ్ళు తిరిగి ఆ పత్రికకి రాస్తుంటాను. స్తంభాల కోసం ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలా అని నసుగుతూ ఉండగానే, అదే వారం మా మేనత్త కరుణమ్మ ఫోన్ చేసింది.

"ఒరేయ్ సుధాకరూ, బుధవారం నా వాయిదా. ఈసారి నేనే నోటితో చెప్పాలట. పక్కన మన మనిషి లేకపోతే నావల్ల కాదు. వస్తావా?"

"ఏ కోర్టు అత్తా?"

"స్తంభాల కోర్టేరా."

అలా రెండు పనులకీ ఒకటే టికెట్ అయింది. మంగళవారం సాయంత్రం తణుకులో రైలెక్కాను. ఎదురు బెర్తులో ఇటుకల వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన నా కెమెరా సంచీ చూసి ఎక్కడికని అడిగాడు. కోర్టు చూడటానికి అన్నాను. ఆయన నన్ను కాసేపు తేరిపార చూశాడు. "కోర్టు నుంచి తప్పించుకుని తిరిగేవాళ్ళని చూశాను గానీ, చూడ్డానికి వెళ్ళే మనిషిని ఇప్పుడే చూస్తున్నానండీ" అని, తన చెప్పులు నా వైపు నుంచి తీసి తన తల వైపు పెట్టుకుని పడుకున్నాడు.

ఉదయం ఆరున్నరకి సికింద్రాబాద్‌లో దిగాను. స్టేషన్‌ని కొత్తగా కడుతున్నారు. అంచేత ప్రస్తుతానికి స్టేషన్ ఉండాల్సిన చోట నీలం రేకులు, ఆ రేకుల మీద రాబోయే స్టేషన్ బొమ్మలు ఉన్నాయి. బొమ్మల్లో జనం సామాన్లు లేకుండా నవ్వుతూ నడుస్తున్నారు. బొమ్మల ముందు మేం సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటికి దారెటని ఒకరినొకరం అడుగుతున్నాం. చివరికి ఒక టీ కొట్టు వెనక నుంచి వీధిలో పడి, ఆటో ఎక్కి మౌలాలి చేరాను. పదిమందీ పోయే దారి కాబట్టి చెబుతున్నాను, ఎంఎంటీఎస్ లోకల్ రైలు కోసం ఎదురుచూసే ఓపిక ఉంటే అదీ వెళుతుంది. నాకా ఓపిక లేదు.

మౌలాలి గుట్ట వెనక సందులో అత్త ఒక గదిలో అద్దెకుంటోంది. అప్పటికే స్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని కూర్చుంది. నాకు ఉప్మా పెట్టి, తను తినలేదు. రిటైరైన స్కూల్ టీచర్ కాబట్టి చెప్పాల్సిన సాక్ష్యాన్ని పాఠంలా వల్లె వేసుకుంటోంది.

అత్తది విడాకుల కేసు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో. ఈ మాట చెప్పగానే అందరూ మొదట నవ్వుతారు, తర్వాత "ఇప్పుడెందుకూ" అంటారు. ఎందుకో చెబుతాను.

మా మావయ్య జ్ఞానరత్నం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. చర్చిలో ముందు బెంచీ మనిషి. చెయ్యెత్తి ఎరగడు, తాగి ఎరగడు. పిల్లల్లేరు. అత్త వాళ్ళ అమ్మ, అంటే మా నాయనమ్మ, నర్సాపురంలో చనిపోయినప్పుడు ఈయన వెళ్ళొద్దన్నాడు. ఇంట్లో బంధువులున్నారు, వంటకి ఇబ్బంది అవుతుందని. అత్త వెళ్ళింది. సమాధి కార్యక్రమం చూసుకుని మూడో రోజు తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి మావయ్య ఆమెతో మాట్లాడటం మానేశాడు. కానీ ఆయనకి భోజనం కావాలి, ఇస్త్రీ బట్టలు కావాలి, అన్నిటి మీదా అభిప్రాయాలున్నాయి. అందుకని ఆయన గోడని ఎంచుకున్నాడు.

"గోడా, పప్పుల ఉప్పు లేదు." "గోడా, రేపు ఆరింటికి లేపాలె." చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్ళి నేను నా చెవులతో విన్నాను. నేను అన్నానికి కూర్చుంటే ఆయన గోడ వైపు తిరిగి "గోడా, పిల్లగానికి పెరుగు వెయ్యి" అన్నాడు. అత్త వచ్చి వేసింది. పెద్దవాళ్ళెవరైనా వస్తే మాత్రం మామూలుగానే మాట్లాడేవాడు. కాబట్టి ఎవరికి చెప్పినా నమ్మేవారు కాదు. అలా ఏళ్ళు గడిచాయి.

మూడేళ్ళ కిందట ఎవరిదో సమాధి కార్యక్రమానికి వెళ్ళిన అత్త, శ్మశానంలో ఒక కొత్త నల్లరాయి చూసింది. జోడు సమాధి రాయి. ఒక వైపు మావయ్య పేరు. రెండో వైపు "ప్రియ సతి కరుణమ్మ" అని, పుట్టిన ఏడు, ఒక గీత, గీత తర్వాత ఖాళీ. ఆయన ముందుచూపుతో చేయించుకున్నాడు. అత్తని అడగలేదు. గోడకి కూడా చెప్పలేదు.

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి తన పేరు తీయించమంది. అది భర్త తీసుకున్న స్థలం, నువ్వు ఆయన భార్యవి, ఎలా తీస్తాం అన్నాడాయన. "భార్యని కాకపోతే తీస్తారా?" అని అడిగింది అత్త. పాస్టరు గారు జవాబు ఆలోచించుకునే లోపు ఆమె లాయరు దగ్గరికి వెళ్ళిపోయింది.

తొమ్మిదిన్నరకి ఆటోలో బయల్దేరాం. మావయ్య ఇల్లున్న లాలాగూడ మీదుగా వెళుతున్నంతసేపూ అత్త బయటికి చూడలేదు. పది దాటాక కోర్టు ముందు దిగాం.

ఇప్పుడు భవనం గురించి చెప్పాలి, పత్రిక నన్ను పంపింది అందుకే కదా.

ముందు చూపుకి నిజంగానే గొప్పగా ఉంటుంది. వీధి వెడల్పున పరుచుకున్న మెట్లు. మెట్ల పైన ఎనిమిది తెల్లటి స్తంభాలు, వాటి తలలు పొట్టేలు కొమ్ముల్లా రెండు వైపులా చుట్టుకుని ఉంటాయి. ఆ స్తంభాల మీద త్రికోణాకారపు నుదురు. గ్రీసులో అయితే అక్కడ దేవుళ్ళని చెక్కుతారు. ఇక్కడ తెల్లదొరల రాజముద్ర ఉండేదట, దాన్ని చెక్కేసి సిమెంటుతో మెత్తారు. ఇప్పుడా స్థానాన్ని రెండు ఏసీ పెట్టెలు, పావురాలూ పంచుకున్నాయి. ఏసీల నుంచి కారే నీళ్ళు న్యాయంగా ఒక్కో స్తంభానికీ కొంచెం కొంచెం చారలు పెట్టాయి. రాయి అనుకుని దగ్గరికెళ్ళి తట్టి చూశాను. లోపల ఇటుక, పైన సున్నం. గ్రీకు దేవాలయం కన్నా మా తణుకు సినిమా హాలుకే దగ్గరి చుట్టం. భవనం ఎప్పుడు కట్టారో చెప్పే శిలాఫలకం ఉంది, కానీ దాని మీద జిరాక్స్ సెంటర్ బోర్డు కొట్టారు.

కోర్టు హాలు ఆ మెట్ల పైన, మేడ మీద ఉంది. మెట్ల కింద తాడు కట్టి ఉంది. తాడు పక్కన కుర్చీలో ఒక కానిస్టేబుల్.

"గీడికెల్లి ఎక్కనియ్యం సార్" అన్నాడు. "గివి హెరిటేజ్ మెట్లు. జనం ఎక్కితె అరుగుతయంట. ఎన్కకు పోండ్రి."

వెనక్కి వెళ్ళాం. వెనక మెట్లు నిటారుగా, ఇరుగ్గా, మధ్యలో రెండు మలుపులు తిరిగి ఉన్నాయి. దొరల కాలంలో నీళ్ళు మోసేవాళ్ళు ఎక్కిన మెట్లట. న్యాయం కావలసినవాళ్ళందరూ ఇప్పుడు అటే ఎక్కుతారు. పక్కన చక్రాల కుర్చీల కోసం కొత్తగా కట్టిన వాలుదారి ఉంది. అది చక్కగా పైకి వెళ్ళి, ఒక స్తంభానికి తగిలి ఆగిపోయింది. స్తంభం హెరిటేజ్ కాబట్టి కొట్టడానికి వీల్లేదు. లిఫ్టు పెట్టడానికీ వీల్లేదట, గోడలు దెబ్బతింటాయని. ఏసీల కోసం అవే గోడలకి కన్నాలు పెట్టినప్పుడు మాత్రం గోడలు సహకరించినట్టున్నాయి.

అత్తకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రెండు మెట్లు ఎక్కి, మూడో మెట్టు మీద గోడ పట్టుకుని నిలబడిపోయింది. "మూడేళ్ళుగా ఇంతేరా" అంది. "వచ్చి కింద కూర్చోవడం, వాయిదా పడిందని లాయరమ్మ దిగొచ్చి చెప్పడం."

ఆమెని కింద వరండాకి తీసుకొచ్చాను. అక్కడ కూడా స్తంభాలున్నాయి, పై స్తంభాల బరువంతా మోసే పొట్టి లావు స్తంభాలు. ఆ వరండాకి అటు చివర బెంచీ మీద, చేతికర్ర పట్టుకుని మా మావయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన మోకాళ్ళూ అరిగిపోయాయి. విడిపోవాలన్న మనిషీ, వద్దంటున్న మనిషీ మూడేళ్ళుగా ఒకే వరండాలో కూర్చుంటుంటే, వాళ్ళ తరఫున పైన లాయర్లు పోట్లాడుతున్నారన్నమాట. నేను నమస్కారం పెట్టాను. ఆయన తలూపి, పావురాల వైపు చూశాడు.

అత్త లాయరు శైలజ గారు మెట్లు దిగి పరుగున వచ్చింది. సన్నగా, చేతినిండా ఫైళ్ళతో, మాట్లాడేటప్పుడు కూడా పరిగెడుతున్నట్టే ఉంటుంది.

"ఆంటీ, ఈసారి జెర కష్టమే. పోయిన వాయిదాకే లాస్ట్ ఛాన్స్ అని రాసిన్రు. ఇయ్యాల మీరు పైకి రాకుంటే కేసు కొట్టేస్తరు. కింద వినాలని నేను పిటిషన్ వేసిన, అది ఆఫీసుల ఏడనో ఉన్నది. జడ్జి సార్ సుత కొత్తాయన."

"కొట్టేస్తే మళ్ళీ మొదట్నుంచా?" అని అడిగాను.

"మొదటి నుంచే సార్. ఆంటీకి డెబ్బై దాటుతయ్."

అత్త లేచి వెనక మెట్ల వైపు నడిచింది. ఈసారి నాలుగు మెట్లెక్కింది. నేను వెనకనుంచి పట్టుకున్నాను. ఐదో మెట్టుకి మోకాలు మడవలేక నా మీదికి ఒరిగింది. ఇద్దరం పడబోయి గోడకి ఆనుకున్నాం. "దింపేయరా" అంది. సాక్ష్యం వల్లె వేసుకున్న గొంతు కాదది.

ఆమెని కూర్చోబెట్టి లాయరు గారి వెంట నేను పైకి పరిగెత్తాను. హాలు గొప్పగా ఉంది, కాదనను. ఇంటి మీద ఇల్లు పెట్టినంత ఎత్తు. ఆ ఎత్తు వల్ల ఎవరేం మాట్లాడినా మాట పైకి వెళ్ళి, నాలుగు మూలలా తిరిగి, ఆలస్యంగా కిందికి వస్తుంది. అప్పటికి ఇంకొకరి మాట బయల్దేరి ఉంటుంది. జడ్జిగారు ఏదో అన్నారు, మాకు "ఊఁ ఊఁ" అని వినిపించింది. లాయర్లందరూ అర్థమైనట్టు తలూపారు.

అత్త పేరు పిలిచారు. మావయ్య తరఫు లాయరు లేచాడు. ఆయన గొంతు ఆ హాలు కోసమే చేసినట్టుంది. "పిటిషనర్ ఈరోజు కూడా హాజరు కాలేదు. ఆవిడకే ఆసక్తి లేదు. కొట్టేయమని కోరుతున్నాను."

శైలజ గారు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ మాట కప్పుకి తగిలి పోయింది. మూడోసారి ఆమె జడ్జిగారి బల్ల దాకా నడిచి వెళ్ళింది. "ఆంటీ వచ్చిన్రు సార్. కిందనే ఉన్నరు. మెట్లు ఎక్కలేకపోతున్నరు."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "ప్రతివాది?"

"ఆయన సుత కిందనే సార్. ఆయన కూడా ఎక్కలేరు."

"అయితే ఇక్కడ ఎవరున్నట్టు?"

జడ్జిగారు లేచారు. అందరం లేచాం. ఆయన ఛాంబర్లోకి పోతారనుకుంటే, బయటికి, స్తంభాల వైపు నడిచారు. బంట్రోతు ముందు పరిగెత్తాడు, స్టెనో లాప్‌టాప్ గుండెకి హత్తుకుని వెనక పరిగెత్తింది. ఆయన ఆ వెడల్పాటి మెట్లు ఒక్కొక్కటే దిగుతుంటే నాకు కనబడింది, ఆయనా ప్రతి మెట్టుకీ ఎడమ మోకాలు పట్టుకుంటున్నారు. కింద కానిస్టేబుల్ తాడు విప్పబోయి, ముడి ఊడక, చివరికి పళ్ళతో లాగాడు.

కుర్చీలొచ్చాయి. కింద వరండాలో కోర్టు మొదలైంది. జిరాక్స్ సెంటర్ వాడు మిషన్ ఆపి వచ్చి నిలబడ్డాడు. చిత్రమేమిటంటే, అక్కడ ప్రతి మాటా వినబడింది.

అత్త ప్రమాణం చేసి, చెప్పాల్సింది చెప్పింది. వల్లె వేసుకున్నదేమీ గుర్తు రాలేదనుకుంటాను, మామూలు మాటల్లోనే చెప్పింది. అమ్మ చనిపోవడం, నర్సాపురం వెళ్ళడం, గోడ, రాయి.

జడ్జిగారు అందరూ అడిగేదే అడిగారు. "ఈ వయసులో విడాకులు తీసుకుని ఏం చేస్తారమ్మా?"

"ఏమీ చెయ్యనండి. చచ్చిపోతాను. కానీ విడిగా చచ్చిపోతాను."

మావయ్య లాయరు లేచాడు. "గోడతో మాట్లాడారన్నది కట్టుకథ. నా క్లయింటు చదువుకున్న మనిషి. సంఘంలో పెద్ద. ఆయన నేటికీ భార్యని ప్రేమగా ఇంటికి రమ్మంటున్నారు."

"అలాగా" అన్నారు జడ్జిగారు, మావయ్య వైపు తిరిగి. "మీరే పిలవండి మరి. ఆవిడ ఎదురుగానే ఉన్నారు కదా."

మావయ్య కర్ర ఊతంతో లేచాడు. గొంతు సవరించుకున్నాడు. అత్త వైపు చూశాడు. తర్వాత మెల్లిగా పక్కకి తిరిగి, ఆ పొట్టి స్తంభం మీద చెయ్యి వేశాడు.

"ఏం తక్కువ చేసిననో అడుగు" అన్నాడు స్తంభంతో. "తిండికి తక్కువ చేసిన్నా? బట్టకు తక్కువ చేసిన్నా? ఇంటికి రమ్మను. తలుపు తీసే ఉన్నది."

నాకు నవ్వొచ్చింది. దాచుకోవడానికి అత్త వైపు తిరిగాను. ఆమె సగం లేచి ఉంది. ఒక చేత్తో కొంగు బిగించుకుని, కుర్చీ చెయ్యి పట్టుకుని, ఆ గొంతు వినగానే అలవాటుగా లేచినట్టుంది, ఉప్పో పెరుగో తేవడానికి. అప్పుడు తనెక్కడుందో గుర్తొచ్చి ఆగింది. ఎవరూ చెప్పకుండానే మళ్ళీ కూర్చుంది. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

"ఎవరిని అడగమంటున్నారు?" అన్నారు జడ్జిగారు. మావయ్య చెయ్యి ఇంకా స్తంభం మీదే ఉంది.

స్టెనో నెమ్మదిగా అడిగింది. "సార్, ఏమని టైప్ చేయమంటారు?"

"జరిగినట్టే. స్తంభానికి చెప్పారని."

మావయ్య లాయరు ఫైలు తిరగేశాడు, అందులో స్తంభం గురించి ఏమైనా ఉందేమోనన్నట్టు. అత్తని క్రాస్ ఎగ్జామిన్ చేస్తారా అని జడ్జిగారు అతన్ని అడిగితే మావయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. "చాలు" అన్నాడు. అది ఎవరితో అన్నాడో తెలియదు.

భోజనం వేళ తర్వాత తీర్పు చెబుతామన్నారు. గేటు బయట బండి మీద నేను పెరుగన్నం తిన్నాను, అత్త మజ్జిగ తాగింది. మూడు దాటాక జడ్జిగారు మళ్ళీ ఆ మెట్లు దిగి వచ్చి, వరండాలోనే విడాకులు మంజూరు చేశారు. శైలజ గారు అత్త రెండు చేతులూ పట్టుకుంది. అత్త ఏడవలేదు. పక్కనే స్తంభం నీడలో నిలబడి ఆటో కోసం చూస్తున్న మావయ్య దగ్గరికి వెళ్ళి, "షుగర్ మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది.

మావయ్య గేటు వైపే చూస్తూ కానిస్టేబుల్‌తో అన్నాడు. "ఏసుకున్న అని చెప్పు."

కానిస్టేబుల్ అయోమయంగా ఇద్దరినీ చూసి, "అమ్మా, ఏసుకున్నడంట" అన్నాడు.

"సరే" అంది అత్త, కానిస్టేబుల్‌తోనే. ఆటో వచ్చింది, ఆయన వెళ్ళిపోయాడు. అత్త అక్కడ్నుంచే పాస్టరు గారికి ఫోన్ చేసింది. ఆయన ఈసారి అడ్డు చెప్పలేదు. తీర్పు కాగితం తెస్తే పేరు తీయించే ఏర్పాటు చేస్తానన్నాడు.

తర్వాత అత్త నన్ను భవనం చూపించమంది. మూడేళ్ళుగా వస్తున్నా వరండా తప్ప చూడలేదట. చెయ్యి పట్టుకుని చుట్టూ తిప్పాను. పొట్టేలు కొమ్ములూ, త్రికోణం, పావురాలూ, ఏసీలూ చూపించాను. తలెత్తి చూసి చూసి మెడ పట్టేసింది ఆమెకి.

"ఇంత ఎత్తు ఎందుకురా?"

"చూసినవాళ్ళకి భయం వెయ్యాలని అత్తా."

"అది మాకు ఇంట్లోనే వేసేది కదరా. దానికింత సున్నం దేనికి?"

ఆమెని మౌలాలిలో దింపి, సాయంత్రం రైలుకి సికింద్రాబాద్ చేరాను. బీబీనగర్ దాటాక కెమెరాలో ఫొటోలు చూసుకుంటూ, సంపాదకుడికి ఏం రాయాలా అనుకున్నాను. అందమైన భవనమే. దూరం నుంచి చూస్తే న్యాయం కూడా అంత తెల్లగా, అంత నిటారుగా నిలబడి ఉంటుందనిపిస్తుంది. లోపల పనిబడి వెళ్ళినవాళ్ళకి మాత్రం అది తలుపు దొరకని భవనం. ఆ రోజు అది పనిచేసిందంటే, మోకాలు నొప్పి ఉన్న ఒక మనిషి దాన్ని పైన వదిలేసి కిందికి దిగి వచ్చాడు కాబట్టి.

ఎదుటి సీట్లో భీమవరం భార్యాభర్తలు. ఆయనకి బట్టల కొట్టు. ఏ పని మీద వచ్చారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. "అయ్యయ్యో" అన్నాడాయన. "ఈ వయసులో ఇంకెన్నాళ్ళండీ, సర్దుకుపోతే పోయేది కదా." తర్వాత ఆడవాళ్ళకి చదువులెక్కువైతే ఏమవుతుందో నాకు చాలాసేపు చెప్పాడు. భార్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆయన భోంచేసి చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు.

ఆమె కిటికీ నుంచి ముఖం తిప్పకుండా అడిగింది.

"స్టేషన్‌కి దూరమా బాబూ, ఆ కోర్టు?"

ఆటోలో పావుగంట అని చెప్పాను. పెద్ద మెట్ల వైపు వెళ్ళొద్దని, కింద వరండాలో కూర్చుని లాయరుకి కబురు పంపమని చెప్పాను. ఆమె తలూపింది. ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వస్తున్నాడు. ఆమె టిఫిన్ గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.